మచ్చల పిల్లికి అంత హుషారెందుకు?

బెంగాల్ పిల్లికి ఆ మచ్చలెక్కడివి? ఆసియా అడవుల్లో తిరిగే చిరుతపిల్లి నుంచి. చిరుతపులి కాదండోయ్, ఇది మన ఇంటి పిల్లంతే ఉంటుంది! అమెరికాలో జీన్ మిల్ అనే ఆవిడ దాన్ని ఇంటి పిల్లులతో కలిపి ఈ జాతిని పెంచారు. మచ్చలతోపాటు హుషారూ వచ్చింది: ఎక్కాలి, దూకాలి, నీళ్లలో పంజా ముంచాలి.

పలాసలో పెంచేవాళ్లకు ఉద్దానం కొబ్బరితాడు ఉండగా కొన్న బొమ్మలు దండగ. దుంగకు తాడు బిగించి చుట్టి నిలబెడితే, పిల్లి ఒళ్లు సాగదీసి మరీ గోళ్లు గీరుకుంటుంది. పప్పన్నం మాత్రం చాలదు. మాంసం, చేపల్లో ఉండే టారిన్ అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి.

జీడితోటలో మచ్చల కూన కనిపిస్తే? ముట్టుకోకండి, తల్లి వేటకెళ్లి ఉండొచ్చు. నల్లటి చెవుల వెనక తెల్లచుక్క ఉంటే అది అసలు చిరుతపిల్లే కావచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం నేరం. తల్లి ఎంతకీ రాకపోతే అటవీశాఖకు చెప్పండి.