దానా-పానీ: పెరటి పక్షులకు ఇంటి ఆహారము

మన నగరములో ఉర్దూ మాట్లాడేవారు జీవనాధారమును 'దానా-పానీ' అంటారు. గింజ, నీరు అని దాని అర్థము. మనిషి బ్రతుకుకూ పక్షి బ్రతుకుకూ సమానముగా సరిపోయే మాట ఇది. మక్కా మసీదు వద్ద పావురాలకు గింజలు చల్లేవారిని, పల్లెలలో చూరుకు వరికంకుల కుచ్చు వ్రేలాడదీసే రైతులను చూచినప్పుడు, ఈ దయాగుణము రెండు భాషలవారికీ ఉమ్మడి సొత్తు అని తెలుస్తుంది. అయితే దయకు తెలివి తోడు కానిచో పెట్టిన చేయే కీడు చేయగలదు. కనుక పక్షులకు ఏది పెట్టవలెనో, ఏది పెట్టరాదో ఇక్కడ వివరింపదలచినాము.

ఈ విషయములో తొలి పాఠము పక్షుల నుండే వచ్చినది. 1890 దశకములో జావా ద్వీపమందు ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, మరపట్టిన తెల్లబియ్యపు అన్నము తిన్న కోళ్ళు కాళ్ళ పట్టు తప్పి కూలబడుట గమనించినాడు. పైపొర తీయని బియ్యము పెట్టగా అవి తేరుకొన్నవి. తవుడులోని ఆ రక్షక పదార్థమునే నేడు బి-1 విటమిన్ అంటున్నాము. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశములో బెరిబెరి వ్యాధిపై 1918లో కూనూరులో పరిశోధన ప్రారంభించిన రాబర్ట్ మెక్‌కారిసన్ కూడా పావురాలపై ప్రయోగాలు చేసినవాడే. ఆ చిన్న శాఖయే పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయి, తార్నాకలో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పొరుగున నిలిచి ఉన్నది. విశ్వవిద్యాలయము పుట్టినదీ 1918లోనే. మన ఆహారశాస్త్రము పక్షులకు ఋణపడి ఉన్నదనుట అతిశయోక్తి కాదు.

కనుక తెల్లన్నము ఒక్కటే వేసి తృప్తిపడరాదు. అంబర్‌పేట, తార్నాక ఇండ్ల పెరళ్ళకు వచ్చే పక్షులన్నిటికీ ఒకే మేత సరిపడదు. పిచ్చుకలు, గువ్వలు గింజలు ఏరుకొంటాయి. వీటికి జొన్నలు రెండు పాళ్ళు, సజ్జలు రెండు పాళ్ళు, కొర్రలు ఒక పాలు, దంపుడు బియ్యపు నూకలు ఒక పాలు కలిపి ఉంచవచ్చును. గోరింకలకు, కాకులకు ముద్ద ఇష్టము. సజ్జపిండిలో ఉప్పు లేని వేరుశనగ పొడి కలిపి, మగ్గిన అరటిపండుతో పిసికి, రేగుపండంత ఉండలు చేయవలెను. పికిలిపిట్టలకు, కోయిలలకు జామ, బొప్పాయి ముక్కలు చాలును. తేనెపిట్టకు పంచదార నీళ్ళకంటె పెరటిలోని మందారమే మేలు. చలిదేశాలలో పశువుల కొవ్వుతో ముద్దలు చేసి చెట్లకు కడతారు; మన ఎండకు అవి కరిగి చెడిపోతాయి గనుక ఇక్కడ పనికిరావు.

పెట్టరానివీ కలవు. మిగిలిన బిర్యానీ, కారపు మిక్స్చరు, ఊరగాయ అన్నము వేయరాదు. అధికమైన ఉప్పును చిన్న పక్షుల మూత్రపిండాలు భరించలేవు. పాలు వాటికి అరగవు. బ్రెడ్డు కడుపు నింపునే గాని బలమివ్వదు. అన్నిటికంటె ప్రమాదకరమైనది బూజుపట్టిన వేరుశనగ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, వాటి దాణాలోని వేరుశనగ పిండిలో బూజు వలన పుట్టిన విషము కనుగొనబడినది. అదే అఫ్లటాక్సిన్. మనము తినదగని గింజ పక్షికీ తగదు.

వేసవిలో గింజకంటె నీరు ముఖ్యము. నీడపట్టున వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీరు పోసి దినదినము మార్చవలెను. గింజల పళ్ళెమును తరచు తోమి ఎండబెట్టవలెను. లేనిచో రెట్టల ద్వారా ఒక పక్షి జబ్బు వేరొకదానికి అంటుకొనును. ఒక పూటలో తినగలిగినంత మాత్రమే పెట్టుట మంచిది. అధికముగా చల్లినచో పావురాలు గుంపులుగా మూగి పిచ్చుకలను తరిమివేస్తాయి. వాటి ఎండు రెట్టల ధూళి కొందరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మేడ మీద చల్లేవారు క్రింది ఇంటివారినీ తలచుకొనవలెను.

ఇంకొక మాట. పిచ్చుక గింజలు తినేదే అయినా తన పిల్లలకు ప్రధానముగా పురుగులనే తెచ్చి పెడుతుంది. పెరటిలో పురుగుమందు చల్లి పళ్ళెములో జొన్నలు పోసినందువలన పిల్లలు బ్రతకవు. మన పళ్ళెము పక్షికి అదనపు సాయము మాత్రమే. అసలు భోజనము చెట్టూ పొదా మట్టీ పెడతాయి. విశ్వవిద్యాలయ ఆవరణలోని వేప, రావి చెట్లు ఉన్నంతకాలమే చుట్టుప్రక్కల పేటలకు పక్షులు వస్తాయి. పిడికెడు గింజలు చల్లే ప్రతి విద్యార్థీ ఒక మొక్కకు కూడా నీరు పోసిననాడు 'దానా-పానీ' అన్న మాటకు పూర్తి అర్థము చేకూరుతుంది.