మరమనిషి చెంత శిష్యరికం

‘రోబో’ అనే మాట పుట్టినది యంత్రశాలలో కాదు, నాటకశాలలో. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకం మరుసటి యేడు జనవరి 25న ప్రాగ్ నగరపు జాతీయ నాటకశాలలో ప్రదర్శింపబడినది. అందులోని కృత్రిమ సేవకులకు ఏ పేరు పెట్టవలెనో తోచక ఆయన తన అన్నగారైన చిత్రకారుడు యోసెఫ్‌ను అడుగగా, ఆయన సూచించిన పేరిది. చెక్ భాషలో ‘రొబొట’ అనగా రైతు తన ప్రభువుకు విధిగా చేయవలసిన చాకిరీ. తెలుగులో దానికి సరితూగే మాట ‘వెట్టి’. మనవారు ‘మరమనిషి’ అని చక్కని పేరే పెట్టుకొన్నారు గాని, మూలపదంలోని ఆ వెట్టి వాసన ఇందులో లేదు.

ఈ వెట్టివానిని రూపొందించి నడిపించే విద్య నేడు స్వయంచాలనం, రోబోటిక్స్ అనే పేర్లతో స్నాతకోత్తర శాస్త్రమైనది. బ్రిటనులో ఈ ఎం.ఎస్సి. సాధారణంగా ఒక సంవత్సరం సాగుతుంది. కర్మాగారంలో పని నేర్చుకొనే గడువును, అనగా ప్లేస్‌మెంట్‌ను, జోడించినచోట అది ఇంచుమించు రెండేండ్లవుతుంది. ఇంజనీరింగ్ పూర్తిచేసి విదేశాలకు వెళ్లే తెలుగు యువకులను ఎక్కువగా ఆకర్షించేది ఈ జోడింపే.

తరగతి గదిలో ఈ శాస్త్రం శుద్ధ గణితం. ఆరు కీళ్లు గల యంత్రహస్తం ఒక బిందువును చేరవలెనంటే ఏ కీలు ఎంత తిరుగవలెను? సామాన్యంగా కర్మాగారాలలో కనిపించే హస్తానికి ఈ ప్రశ్నకు ఎనిమిది సమాధానాల వరకు ఉండవచ్చును. మోచేయి పైకెత్తి చేరవచ్చును, కిందికి దించీ చేరవచ్చును. డెనావిట్, హార్టెన్‌బర్గ్ అనే వారు 1955లో ప్రతిపాదించిన గుర్తులతో విద్యార్థి ఈ లెక్కను కాగితం మీద తేలికగానే కడతాడు.

కర్మాగారంలో ఆ హస్తం ముందుకు వచ్చే ఇనుప రేకులు మాత్రం అన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఒకటి కొంచెం వంగి ఉంటుంది, ఒకదానికి నూనె అంటి ఉంటుంది. యంత్రహస్తం వెంట్రుకవాసి తేడా లేకుండా నిన్నటి చోటికే వెళ్లి వెల్డింగు చేస్తుంది. అతుకు మాత్రం పక్కకు పడుతుంది. తప్పు లెక్కలో లేదు, యంత్రంలోనూ లేదు. రేకును పట్టి నిలిపే బిగింపు వదులైనది. ఏండ్ల తరబడి అక్కడ పనిచేసిన ఫిట్టరు దానిని చప్పుడు విని పసిగడతాడు. ఎం.ఎస్సి. విద్యార్థికి అది తెలియడానికి వారం పట్టవచ్చును. చేతిలో ఇమిడే ఒక మీటల పెట్టెతో హస్తాన్ని చోటుచోటుకూ నడిపించి గుర్తుంచుకొనేటట్లు చేయుటను అక్కడివారు ‘టీచింగ్’ అనే అంటారు. మొద్దబ్బాయికి పాఠం చెప్పిన ఉపాధ్యాయులకు ఈ మాట అంతరార్థం విప్పి చెప్పనక్కరలేదు.

కాని మొదటి దినాన విద్యార్థి చేతికి ఆ పెట్టె నివ్వరు. కంచె దాటి యంత్రం దగ్గరకు వెళ్లే ప్రతివాడూ విద్యుత్తు మీట మీద తన సొంత తాళం వేసి, చెవి జేబులో ఉంచుకొనవలెను. ముగ్గురు లోపల ఉంటే మూడు తాళాలు. మూడవవాడు బయటికి వచ్చి తన తాళం తీసేవరకు యంత్రం కదలదు. ఈ నియమం వెనుక ప్రాణాలున్నవి. 1979 జనవరి 25న, అనగా చాపెక్ నాటకం ప్రాగ్‌లో ఆడిన యాభై ఎనిమిదేండ్లకు సరిగ్గా అదే తేదీన, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక పోత కర్మాగారంలో సామానుల అరల మధ్యకు వెళ్లిన పాతికేండ్ల కార్మికుడు యంత్రహస్తపు దెబ్బకు మరణించినాడు. మరమనిషి చేతిలో మనిషి చనిపోయిన తొలి ఘటనగా దానిని చెప్పుకొంటారు.

చదువునూ కర్మాగారాన్నీ జతచేయవలెనన్న యోచన మరమనిషి కంటె పాతది. తొలి పారిశ్రామిక రోబో ‘యూనిమేట్’ న్యూజెర్సీలో పనికి కుదిరినది 1961లో. అంతకు యాభై అయిదేండ్ల ముందే, 1906లో, సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు ఇరవై ఏడుగురు విద్యార్థులతో ఈ పద్ధతిని ప్రారంభించినాడు. వారిని జంటలుగా చేసి, ఒక వారం ఒకడు కళాశాలలో, మరొకడు కర్మాగారంలో ఉండేటట్లు ఏర్పాటు చేసినాడు. పనికి కూలి ముట్టేది. అంతకంటె ముఖ్యంగా, కర్మాగారంలో శిష్యుడేమి చేస్తున్నాడో చూచి వచ్చి దానిని తరగతి పాఠంతో ముడిపెట్టడానికి ప్రత్యేకంగా అధ్యాపకులుండేవారు. మన దేశంలో పిలానీలోని బిట్స్ 1973లో ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరిట అటువంటి ఏర్పాటునే ప్రవేశపెట్టినది.

ఆ అధ్యాపకుడు లేనినాడు ప్లేస్‌మెంట్ వెట్టిగా మారడానికి ఎంతో కాలం పట్టదు. పెట్టెలు లెక్కపెట్టుట, జాబితాలు నింపుట, ఎవరో వ్రాసిన ప్రోగ్రామును మీట నొక్కి నడిపించుట – ఇవి చేసి తిరిగివచ్చినవానికి యోగ్యతాపత్రం దొరుకుతుంది, విద్య దొరకదు. అసలా అవకాశమైనా అందరికీ దక్కదు. అనేక విశ్వవిద్యాలయాలలో పనిచోటును వెదకి, దరఖాస్తు పెట్టి, ఇంటర్వ్యూలో నెగ్గవలసిన బాధ్యత విద్యార్థిదే. నెగ్గనివాడు ఒక్క సంవత్సరపు చదువుతోనే సరిపెట్టుకొనవలసి వస్తుంది. ఈ సంగతి ప్రవేశ పత్రాలలో ఉంటుంది గాని, వెనుక పుటలో చిన్న అక్షరాలలో ఉంటుంది. అప్పటికే తండ్రి బ్యాంకులో ఇంటి కాగితాలు పెట్టి ఉంటాడు. సలహాకై తమ వద్దకు వచ్చే పాత శిష్యుల చేత ఉపాధ్యాయులు ముందుగా చదివించవలసినది ఆ పుటనే.