షుగరు సంగతి దాచకండి!

“ఆరోగ్య బీమా ఉందిగా, ఇంకేం భయం?” అనుకుంటూ ఆసుపత్రిలో చేరతారు చాలామంది. తీరా ఇంటికి పంపే రోజున కంపెనీవారు డబ్బు ఇవ్వమనేసరికి ఆడవాళ్ళ గాజులు తాకట్టుకు వెళతాయి. లోపం ఎక్కడుంది? పాలసీలోని సన్నటి అక్షరాల షరతుల్లో!

బీమాకు దరఖాస్తు చేసేటప్పుడు రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం ఉన్నాయా అని అడుగుతారు. ప్రీమియం పెరుగుతుందని కొందరు దాచేస్తారు. ఏజెంటు నింపిన ఫారం మీద చదవకుండా సంతకం పెట్టేవారూ ఉన్నారు. తరవాత ఏ గుండెనొప్పితోనో చేరితే, “షుగరు ఎన్నాళ్ళ నుంచి?” అని డాక్టరు అడుగుతాడు. “పదేళ్ళ నుంచి” అన్న మీ జవాబు కేసు షీటులోకి ఎక్కుతుంది. అది కంపెనీకి చేరుతుంది. అలాగని డాక్టరు దగ్గర అబద్ధం చెప్పకండి, ప్రాణం మీదికి వస్తుంది. నిజం రాయవలసింది ముందు ఆ ఫారంలోనే.

నిజం రాస్తే బీమా ఇవ్వరేమోనని భయపడనక్కరలేదు. చాలా సందర్భాల్లో ఇస్తారు. కాకపోతే ముందునుంచీ ఉన్న జబ్బుకు కొంతకాలం డబ్బు చెల్లించరు. ఈ గడువు 36 నెలలకు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ నిర్ణయించింది. అంతకుముందు 48 నెలలుండేది. కంటి శుక్లాలు, హెర్నియా, మొలలు వంటి వాటికీ ఇటువంటి గడువే ఉండవచ్చు. గడువు తప్పకుండా ఐదేళ్ళు ప్రీమియం కడితే, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో తోసిపుచ్చడానికి వీల్లేదు.

గది అద్దె షరతు ఇంకొకటి. 3 లక్షల పాలసీలో అద్దె రోజుకు 1 శాతమని ఉంటే, 3 వేల గదే మీకు దక్కేది. 6 వేల గదిలో చేరితే పోయేది అద్దె తేడా ఒక్కటే కాదు సుమా! గదిని బట్టి చార్జీలు మారే ఆసుపత్రుల్లో సర్జను ఫీజు, థియేటరు ఖర్చుల్లోనూ సగమే ఇవ్వవచ్చు.

పాలసీ చేతికి రాగానే చదవండి. తెలియకపోతే చదువుకున్న పిల్లలచేత చదివించుకోండి. నచ్చకపోతే 30 రోజుల్లోపల తిప్పి పంపవచ్చు. అన్యాయం జరిగిందనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వారు తోసిపుచ్చినా, నెలలోగా జవాబివ్వకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. వారి కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుమేమీ లేదు.

మంచం పట్టాక చదివే షరతులవల్ల ప్రయోజనం లేదు. ఒంట్లో బాగున్నప్పుడే ఆ కాగితాలు బయటకు తీయండి.