ఢిల్లీ లేఖ: దల్లీ రాజహరా తీర్పు

మద్యనిషేధం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఆబ్కారీ రాబడి లెక్కలే ముందుకు వస్తాయి. ప్రెస్ గ్యాలరీలోని నాకు మాత్రం భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా జ్ఞప్తికి వస్తుంది.

1977లో అక్కడి కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వాన సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్‌లోనే పోలీసు కాల్పులకు పదకొండుగురు బలి అయినారు. తర్వాత కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి చేరింది! సంఘం పోలీసులను ఆశ్రయించలేదు. వాడవాడలా సభలు పెట్టి, స్త్రీలను ముందు నిలిపి, తాగినవారికి తానే జరిమానాలు వేసింది. తాగినవాడు శత్రువు కాడు, దారి తప్పిన తోటివాడు అన్నదే దాని దృష్టి. దండనకు, దిద్దుబాటుకు గల భేదం మన శాసనకర్తలకు ఇంతగా తెలియదు.

సంఘ ఉపాధ్యక్షురాలు కుసుంబాయి కాన్పు సమయాన తగిన వైద్యం అందక మరణించింది. కార్మికులు చందాలతో, తమ శ్రమతో ఆసుపత్రి కట్టుకున్నారు. 1983 జూన్ 3న తెరిచిన దానికి కాల్పుల మృతుల స్మృత్యర్థం షహీద్ ఆసుపత్రి అని పేరు.

1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రిస్తున్న నియోగిని కాల్చి చంపారు. 2005లో సుప్రీంకోర్టు కాల్చినవానికి యావజ్జీవం విధించింది. కుట్ర ఆరోపణ నెదుర్కొన్న పారిశ్రామికులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆసుపత్రిలో నేటికీ రోగులను చూస్తున్నారు.