గుండె చిత్రంలో బుడగల వెలుగు

గుండెను తెలుగు కవి హృదయమన్నాడు. ఉర్దూ కవి దిల్ అన్నాడు. ఇరువురూ దానిని ప్రేమకు, వేదనకు నిలయంగా భావించారు. వైద్యునికి మాత్రం అది నాలుగు గదులు, నాలుగు కవాటాలు గల కండరపు యంత్రం. ఆ యంత్రాన్ని కోయకుండానే చూడగలగడం ఇరవయ్యవ శతాబ్దపు విజ్ఞానం ప్రసాదించిన వరాలలో ఒకటి. మేము వైద్యులము కాము, భాషా బోధకులము. అయినను ఈ విషయాన్ని మన విద్యార్థులకు బోధపడే మాటలలో వివరింపదలచాము.

మన కోనసీమలో కొబ్బరికాయను తట్టి, చప్పుడును బట్టి లోపలి స్థితిని చెప్పగలవారు ఊరూరా ఉన్నారు. ‘ఎకో’ పరీక్షకు మూలసూత్రం ఇటువంటిదే. చెవికి వినబడని ధ్వని తరంగాలను ఛాతీపై నుండి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులను యంత్రం చిత్రంగా మలుస్తుంది. 1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, లోహాలలోని లోపాలను వెదకే పరికరంతో గుండె కదలికలను నమోదు చేశారు. ఈ విద్యకు అదే అంకురార్పణ.

అయితే అందరి గుండె ఒకే విధంగా కనబడదు. స్థూలకాయులలోను, ఊపిరితిత్తుల వ్యాధిగ్రస్తులలోను చిత్రం మసకబారుతుంది. రక్తానికీ గుండె గోడకూ నడుమ హద్దు తెలియదు. హద్దు తెలియనప్పుడు లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే చికిత్సయే దారి తప్పుతుంది.

దీనికి ఉపాయం గాలిబుడగ. 1968లో అమెరికాలోని రోచెస్టర్‌లో గ్రామియాక్, ప్రవీణ్ షా అనే వైద్యులు, రక్తంలోనికి ద్రావణాన్ని ఎక్కించినపుడు చిత్రంలో మేఘం వంటి ప్రతిధ్వనులు కనబడడాన్ని ప్రకటించారు. ద్రావణంతో కలిసిన సూక్ష్మ బుడగలే అందుకు కారణం. ద్రవంలో తేలే వాయువు ధ్వనిని మిక్కిలి బలంగా తిప్పికొడుతుంది.

ఈ బుడగలు రెండు విధాలు. మొదటిది, సెలైన్‌లో కొద్దిపాటి గాలిని చేర్చి రెండు సిరంజిల నడుమ వేగంగా చిలికి నరంలోనికి ఎక్కించేది. ఈ బుడగలు ఊపిరితిత్తుల సన్నని నాళాలను దాటలేవు. కనుక కుడివైపు గదులు నిండిన పిమ్మట మూడు స్పందనలలోగా అవి ఎడమవైపు కనబడితే, గదుల నడుమ గోడలో రంధ్రం ఉన్నదని వైద్యులు అనుమానిస్తారు. పిన్నవయసులో కారణం తెలియని పక్షవాతం వచ్చినవారిలో ఈ పరీక్ష దారి చూపుతుంది. రెండవది, భారవాయువును పలుచని కొవ్వు లేక ప్రోటీను పొరలో బంధించి తయారుచేసిన మందు. ఈ బుడగలు ఎర్రరక్తకణం కంటె చిన్నవి. ఊపిరితిత్తులను దాటి ఎడమ గదిని వెలుగుతో నింపుతాయి. యంత్రపు శక్తి అధికమైతే అవి పగిలిపోతాయి. అందుచేత ధ్వని బలాన్ని తగ్గించి చూస్తారు.

దీని వలన రోగికి కలిగే మేలేమి? గుండెపోటు తరువాత ఎడమ గది కొసలో రక్తపు గడ్డ దాగి ఉండవచ్చును. వెలుగు నిండిన గదిలో ఆ గడ్డ నల్లగా తేటపడుతుంది. గడ్డ ఉన్నదని తేలితే రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. కనబడక వదలివేస్తే అది మెదడుకు చేరి పక్షవాతం కలిగించవచ్చును. అట్లే గుండె ఒక్కొక్క స్పందనకు బయటకు నెట్టే రక్తం 35 శాతం లేక అంతకు తక్కువైతే, ప్రాణరక్షక విద్యుత్ పరికరం అమర్చడాన్ని గురించి ఆలోచిస్తారు. అంతటి నిర్ణయం మసక చిత్రంపై ఆధారపడరాదు గదా!

ఈ మందులో అయోడిన్ లేదు, మూత్రపిండాలకు హాని లేదు. వాయువు ఊపిరితో బయటకు పోతుంది. 2007లో అమెరికా ఔషధ సంస్థ తీవ్రమైన హెచ్చరిక చేసి, 2008లో దానిని సడలించింది. ప్రమాదకరమైన ప్రతిక్రియలు అరుదు, సుమారు 10,000 మందిలో ఒకరికి. అయినను మునుపటి ఎలర్జీలను వైద్యునికి ముందుగానే చెప్పాలి.

రామచంద్రపురం నుండి గుండెజబ్బుతో కాకినాడకో, రాజమహేంద్రవరానికో వెళ్లేవారు మన ఇండ్లలోనే ఉన్నారు. వారి ఎకో రిపోర్టులో చిత్రం స్పష్టంగా లేదని వ్రాసి ఉంటే, ‘ఇంకా స్పష్టంగా చూచే మార్గం ఉన్నదా?’ అని వినయంగా అడగడం మన కర్తవ్యం. చదువుకున్న బిడ్డ తల్లిదండ్రులకు చేయగల సేవలలో ఇదియు ఒకటి.