గుంపులుగా లెక్కపెడదాం!

పిల్లలూ! మంచుకొండను ఢీకొన్న టైటానిక్ ఓడ 1912 ఏప్రిల్ 15న, ఇంకా తెల్లవారకముందే అట్లాంటిక్ సముద్రంలో మునిగిపోయింది. బ్రిటన్‌లో జరిగిన విచారణ లెక్క ప్రకారం ఓడలో ఉన్నవారు 2201 మంది. బతికినవారు 711 మంది.

మరి బతికిందెవరు? అది తెలియాలంటే గుంపులుగా విడదీసి లెక్కపెట్టాలి. ముందు టిక్కెట్టు తరగతిని బట్టి చూద్దాం. రెండో తరగతిలో 285 మందికి 118 మంది, మూడో తరగతిలో 706 మందికి 178 మంది బతికారు. అంటే నూటికి 41, 25. రెండో తరగతి వారికే బతికే అవకాశం ఎక్కువ అనిపిస్తుంది కదూ?

తొందరపడకండి! స్త్రీలను, పురుషులను వేరు చేసి చూడండి. (పిల్లలు కూడా ఇందులోనే ఉన్నారు.)

స్త్రీలు: రెండో తరగతిలో 106 మందికి 93, మూడో తరగతిలో 196 మందికి 90.
పురుషులు: రెండో తరగతిలో 179 మందికి 25, మూడో తరగతిలో 510 మందికి 88.

పురుషుల విషయంలో లెక్క తారుమారైంది! నూటికి 14, 17. పడవలలోకి స్త్రీలను, పిల్లలను ముందుగా ఎక్కించారు. రెండో తరగతి మొత్తాన్ని పైకి లేపింది బతికిన స్త్రీల సంఖ్యే. ఒక్క చలరాశితో కనబడని సంగతి రెండింటితో బయటపడింది.

వయసును కూడా చేర్చాలంటే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాలా? అక్కరలేదు. కంప్యూటరు కోసం ఒకే ఒక ప్రమేయం రాసి పెట్టుకుంటే చాలు. దానికి మనం రెండు అందించాలి: దత్తాంశాల పట్టిక, ఏయే నిలువు వరుసలను బట్టి విడదీయాలో ఆ పేర్లు. అది చేసే పని ఇది:

1. ఒక అడ్డు వరుస చదువు.
2. అడిగిన నిలువు వరుసలలోని విలువలను పక్కపక్కన చేర్చి ఒక చీటీ రాయి.
3. ఆ చీటీ అంటించిన డబ్బా ఉంటే దాని లెక్కకు 1 కలుపు. లేకపోతే కొత్త డబ్బా పెట్టి 1 అని రాయి.
4. చివరి అడ్డు వరుస దాకా ఇలాగే చెయ్యి.

ఈ ఆదేశాలలో ‘తరగతి’, ‘స్త్రీ’ అన్న మాటలు ఎక్కడా లేవు, గమనించారా? పేర్లు బయటి నుంచి వస్తాయి. అందుకే ఏ పట్టికకైనా ఇదే ప్రమేయం పనికొస్తుంది. తరగతి, లింగం, వయసు, ఫలితం అని నాలుగు పేర్లిస్తే, పెద్దవారైన పురుషులు రెండో తరగతిలో 168 మందికి 14, మూడో తరగతిలో 462 మందికి 75 మంది బతికారని తేలుతుంది. తేడా ఇంకా పెరిగింది!

ఒక్క జాగ్రత్త. రెండో తరగతిలోని 24 మంది పిల్లలూ బతికారు. కనుక ‘రెండో తరగతి పిల్లలు – మృతి’ అన్న డబ్బా పుట్టనే పుట్టదు. డబ్బా కనబడలేదని లెక్క తప్పిందనుకోకండి; దాని విలువ సున్నా.

మీ తరగతిలో ఒక్కొక్కరికి ఒక్కో అట్టముక్క ఇచ్చి ఊరు, బడికి వచ్చే విధం, పట్టే సమయం రాయించండి. పై నాలుగు ఆదేశాల ప్రకారం డబ్బాలలో వేసి చూడండి. ముందు ఒక్క అంశంతో, తర్వాత రెండింటితో. మీ అభిప్రాయం ఎక్కడ మారిందో రాసి పెట్టుకోండి.