పాతబట్టల మూటలో లాభమెంత? అపోహలు – వాస్తవాలు

“యాభై కిలోల బేల్, రెండొందల చొక్కాలు, ఒక్కోటి నూటయాభై. ముప్పై వేలు మీ చేతిలో!” ఫోన్లో ఇలాంటి వీడియోలు చూసి పాతబట్టలు టోకున కొని అమ్ముదామని దిగేవాళ్ళున్నారు. వ్యాపారం బూటకమేమీ కాదు. తరతరాలుగా దీనిమీదే బతుకుతున్న కుటుంబాలున్నాయి. బూటకం ఉన్నదల్లా ఆ గుణకారంలో.

అపోహ: కిలో లెక్కన చవగ్గా వస్తాయి కాబట్టి లాభం ఖాయం.

మాటవరసకు ఒక లెక్క వేద్దాం. కిలో 150 చొప్పున 50 కిలోల బేల్ 7,500 రూపాయలు. చొక్కా పావుకిలో తూగితే 200 చొక్కాలు. కాగితం మీద ఒక్కోటి 37 రూపాయల 50 పైసలు పడింది. ఇప్పుడు మూట విప్పండి. కాలరు అరిగినవి, చంకల్లో పసుపు మరక పట్టినవి, సిరా అంటినవి కలిపి 60 పక్కకు పోయాయనుకుందాం. మిగిలిన 140కి ఉతుకు, బొత్తాలు, ఇస్త్రీ కలిపి తలా 12 రూపాయలు, అంటే 1,680. రవాణాకీ హమాలీకీ 800. మొత్తం 9,980. అమ్మదగ్గ చొక్కా ఒక్కోటి 71 రూపాయలకు తేలింది. కొన్న ధర దాదాపు రెట్టింపయింది, ఇంకా ఒక్కటీ అమ్మలేదు.

అమ్మకం కూడా ఒకే ధరకు సాగదు. చూడగానే నచ్చే 50 చొక్కాలు 150కి పోతాయి. తర్వాతి 50కి 80 అయినా దిగాలి. అడుగున మిగిలిన 40, నలభైకి వదిలించుకోవాలి. వచ్చింది 13,100. చేతిలో మిగిలింది 3,120, అదీ కొట్టు అద్దె, మీ కూలీ తీయకముందు. అంకెలు మీ ఊరిని బట్టి మారతాయి, లెక్క వేసే తీరు మారదు. జీన్స్ అయితే అదే బరువుకు ముక్కలు సగానికి తగ్గుతాయి, పిల్లల బట్టలైతే పెరుగుతాయి. అందుకే కిలో ధర విని సంబరపడకుండా, అమ్మదగ్గ ముక్క ఒక్కోటి ఎంతకు పడిందో చూడాలి.

అపోహ: “ఏ గ్రేడ్” అని రాసి ఉంటే సరుకు నాణ్యమైనదే.

పాతబట్టల గ్రేడుకు మన దేశంలో ప్రభుత్వ ముద్రేమీ లేదు. క్రీమ్, ఏ, బీ అన్నవి ఎవరి గోదాములో వాళ్ళు పెట్టుకున్న పేర్లు. ఒకరి ‘బీ’ మరొకరి ‘ఏ’ కంటే మెరుగ్గా ఉండొచ్చు. మీ దగ్గరికి వచ్చేసరికి ఆ మూట చాలా చేతులు మారి ఉంటుందన్నది ఇంకా పెద్ద సంగతి. ప్రతి చేతిలోనూ మంచివి కొన్ని పైకి తేలి వేరే ధరకు వెళ్ళిపోతాయి. కాబట్టి అడగాల్సింది “ఏ గ్రేడ్?” అని కాదు, “నాకంటే ముందు దీన్ని ఎవరు ఏరారు?” అని. ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో మార్కెట్‌లో చిల్లర వ్యాపారులు సీలు వేసిన బేళ్ళను లోపల ఏముందో చూడకుండానే కొంటారు. మూట బాగోకపోతే నష్టమంతా కొన్నవాళ్ళదే, ఎగుమతిదారు అప్పటికే డబ్బు తీసుకుని ఉంటాడు.

అపోహ: మనవాళ్ళు ఒకరు కట్టి విడిచిన బట్ట కొనరు.

పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది మెత్తని పాతగుడ్డే. అక్క గౌను చెల్లికి, అన్న చొక్కా తమ్ముడికి రావడం ప్రతి ఇంటా చూసిందే. అయితే అవి అయినవాళ్ళ బట్టలు, పరాయివాళ్ళవి కావు కదా అంటారు. మరి పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె మన వీధిలోంచి తీసుకెళ్ళినవి ఎటు పోతున్నాయి? ఉతికి, కుట్లు వేసి, ఇస్త్రీ చేశాక వాటిలో చాలావరకు సంతకే చేరతాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్ ఇలాంటి పాత సరుకుకు పేరుపడ్డవే. ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో తెల్లవారకముందే మొదలయ్యే పాతబట్టల మండీని గుజరాత్ మూలాలున్న వాఘ్రీ కుటుంబాలు ఏళ్ళుగా నడుపుతున్నాయి.

ఈసారి ఆ సామాన్లామె వచ్చినప్పుడు గిన్నె మీద కాకుండా ఆమె చేతుల మీద కన్నేసి చూడండి. ప్యాంటు తీసుకుంటే ముందు మోకాళ్ళు, తర్వాత జిప్పు, అంచు మడత. చీరైతే వెలుతురుకు ఎత్తి చూస్తుంది, చినుగు ఎక్కడున్నా బయటపడాల్సిందే. మూడు ప్యాంట్లకు గిన్నె రాదని ఎందుకంటుందో ఆమెకు తెలుసు. నా దృష్టిలో ఈ వ్యాపారానికి అంతకు మించిన శిక్షణ ఇంకెక్కడా దొరకదు.

అపోహ: విదేశీ బేల్ తెప్పించుకుంటే సరుకూ మేలు, చట్టం ఇబ్బందీ ఉండదు.

వాడిన దుస్తుల దిగుమతి మన దేశంలో ఆంక్షల జాబితాలో ఉంది. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ అనుమతి లేకుండా ఎవరుపడితే వాళ్ళు తెప్పించడం కుదరదు. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో విదేశీ పాతబట్టలను ఏరి మళ్ళీ ఎగుమతి చేసే యూనిట్లు ఉన్నాయి. పానిపట్‌కు వచ్చే ఉన్ని బట్టలను ఎవరూ తొడుక్కోకుండా ముందే కోసేస్తారు, అక్కడ వాటిని పీచుచేసి, నూలు వడికి దుప్పట్లు నేస్తారు. ఇవి కాక, కోసిన పీలికలని కాగితాల్లో రాసి మంచి బట్టలు దింపడం, కస్టమ్స్ వాళ్ళు పట్టుకోవడం జరుగుతూనే ఉంటాయి. “కొరియా బేల్” అని వాట్సాప్‌లో ఊరించేవాణ్ణి బిల్లు అడగండి. బిల్లు లేని సరుకు పట్టుబడితే నష్టపోయేది మీరే.

తిరుప్పూర్ ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్‌ను కూడా కొందరు పాతబట్టల్లో కలిపేస్తారు. అది ఎవరూ తొడగని కొత్త సరుకు, చిన్న లోపంతోనో ఆర్డరు రద్దయ్యో మిగిలిపోయింది. కొనుగోలుదారుకు రెండూ ఒకటేనని అమ్మకండి. బ్రాండు పేరు వేసిన నకిలీ దుస్తులైతే అసలు ముట్టుకోవద్దు: ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 ప్రకారం అమ్మినవాళ్ళకు ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు.

అపోహ: పాతబట్టలతో రోగాలు వస్తాయి, లేదా, ఎండలో వేస్తే అన్నీ పోతాయి.

రెండూ సగం నిజాలే. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలాక సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బతకదు. తల పేలదీ ఇంచుమించు అంతే. నల్లులు మాత్రం తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు, తామర శిలీంధ్రం కూడా గుడ్డలో చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి ఎండ ఒక్కటే చాలదు. తట్టుకునే బట్టలను 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి, పూర్తిగా ఆరాక ఇస్త్రీ చేయాలి. పట్టు, ఉన్ని డ్రైక్లీనింగ్‌కు వెళ్ళాలి. మూటలను ఇంట్లో పరుపుల పక్కన విప్పకండి. లోదుస్తులు అమ్మనే వద్దు.

అపోహ: పాత సరుకుకు జీఎస్టీ ఉండదు.

ఉంది. సరుకు అమ్మేవాళ్ళు నమోదు చేసుకోవాల్సిన వార్షిక టర్నోవరు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే ఆ పరిమితి వర్తించదు, టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు తప్పదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు కొరియర్లో పంపిన చొక్కా కూడా అంతర్రాష్ట్ర అమ్మకమే. ఊరటనిచ్చే విషయమూ ఒకటుంది. వాడిన సరుకు వ్యాపారి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు) తీసుకోకుండా ఉంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పన్ను కట్టవచ్చు. 100కి కొని 150కి అమ్మితే పన్ను 50 మీద. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులకు రేటు 5 శాతం, ఆ లెక్కన రెండున్నర రూపాయలు. ఇందుకు కొనుగోలు రశీదులు కావాలి, చీటీల మీద నడిచే వ్యాపారానికి ఈ సౌలభ్యం అందదు.

అపోహ: పాత పట్టుచీరంటే కళ్ళు మూసుకుని కొనొచ్చు.

అసలు జరీలో పట్టుదారానికి వెండి తీగ చుట్టి బంగారు పూత వేస్తారు. “పాత పట్టుచీరలు కొంటాం” అని తిరిగేవాళ్ళు వెతికేది ఆ వెండి కోసమే. టెస్టెడ్ జరీలో ఉండేది రాగి తీగ. మామూలు మెరుపు జరీలో లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర తప్ప ఏమీ ఉండదు. చూపుకు మూడూ ఒకేలా మెరుస్తాయి. తేడా తెలియనంతకాలం చీరను చీరగా కొనండి, వెండి లెక్క కట్టకండి.

అపోహ: అమ్ముడుపోనివి పారేస్తే సరి.

పారేస్తే డబ్బు పోతుంది, చెత్తా పెరుగుతుంది. నూలు బనియన్లు, టీషర్టులు గ్యారేజీలకు తుడుపు గుడ్డలుగా కిలో లెక్కన పోతాయి. పాలిస్టర్ తడిని నూలులా పీల్చదు కాబట్టి వాళ్ళు సాధారణంగా తీసుకోరు. మిగిలేది ముఖ్యంగా పాలిస్టర్. బేల్ కొనేటప్పుడే అందులో నూలు పాలు ఎంతో చూసుకుంటే చివర్లో మిగిలే భారం తగ్గుతుంది.

మొదటిసారి బేల్ కొనకండి. పది కిలోలు విడిగా, మీ చేత్తో ఏరుకుని, కిలోకు నలభై యాభై ఎక్కువైనా ఇచ్చి కొనండి. అవి అమ్ముడయ్యాకే మూట సంగతి ఆలోచించండి. అప్పుడు కూడా మీ కళ్ళముందు విప్పి చూపించనన్నవాడి దగ్గర మాత్రం కొనొద్దు.